పీటర్ సెల్లర్స్ మిలిటరీ రోజులు, ఇండియా క్యాంపుల్లో వేసిన షోలు – తెలిసినవాళ్లు మాట్లాడండి

పాతసినిమా_పిచ్చి:
పింక్ పాంథర్ ఇన్‌స్పెక్టర్ క్లూసో అంటే ఇక్కడ చాలామందికి తెలుసు. 'ద పార్టీ'లో హృండీ వి బక్షీ అనే ఇండియన్ నటుడి వేషం వేసినాయన అంటే ఇంకొంతమందికి తెలుస్తుంది. కానీ ఆ పీటర్ సెల్లర్స్ రెండో ప్రపంచ యుద్ధం టైంలో రాయల్ ఎయిర్‌ఫోర్స్ యూనిఫాంలో మన దేశం వచ్చి క్యాంపులు తిరుగుతూ స్టేజి షోలు వేశాడన్న సంగతి గురించి తెలుగులో మాట్లాడుకునేవాళ్లే లేరు, అందుకే ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నా.

1925 సెప్టెంబర్ 8న ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ దగ్గర సౌత్‌సీలో పుట్టాడు. అమ్మ పెగ్, నాన్న బిల్, ఇద్దరూ ఊరూరా తిరిగి వెరైటీ షోలు వేసే ఆర్టిస్టులే. పుట్టి రెండు వారాలు కాకుండానే స్టేజి మీదకి ఎత్తుకెళ్లి చూపిస్తే హాల్లో జనం అంతా పాట అందుకున్నారట, పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడట. కొంచెం పెద్దయ్యాక డెవన్‌లో ఇల్ఫ్రకూంబ్ అనే ఊళ్లో బంధువుల థియేటర్‌లో చిన్నాచితకా పనులన్నీ చేస్తూ డ్రమ్స్ నేర్చుకున్నాడు. యుద్ధం వచ్చాక సైనికులకి వినోదం ఏర్పాటు చేసే ఎన్సా అనే సంస్థ షోల్లో కూడా వాయించాడు, అంటే యూనిఫాం వేసుకోకముందే ఈ లైన్‌లో ఉన్నాడన్నమాట.

1943 సెప్టెంబర్‌లో, పద్దెనిమిదేళ్లు నిండగానే ఎయిర్‌ఫోర్స్‌లో చేరాడు. ఒక్కగానొక్క కొడుకు, వాళ్లమ్మ ఆరోగ్యం బాగోలేదని చెప్పించి ఎలాగైనా ఆపుదామని చూసింది, కుదర్లేదు. పైలట్ అవ్వాలని ఆయన ఆశ, చూపు సరిగ్గా లేక గ్రౌండ్ డ్యూటీకే పరిమితం చేశారు. ఆ పని విసుగొచ్చి, ఎయిర్‌ఫోర్స్ గాంగ్ షోలు, అంటే సైనికుల కోసం వేసే వినోద ప్రదర్శనలు, నడిపే రాల్ఫ్ రీడర్ దగ్గర ఆడిషన్ ఇచ్చి సెలెక్ట్ అయ్యాడు. ముందు ఇంగ్లండ్‌లో తిరిగి, తర్వాత ఇండియా, సిలోన్, బర్మా, యుద్ధం అయిపోయాక జర్మనీ, ఫ్రాన్స్. తర్వాత ప్రపంచం చూసిన సెల్లర్స్ చాలావరకు ఈ మూడేళ్లలోనే తయారయ్యాడని నా నమ్మకం. మీరేమంటారు?

గోదావరి_గట్టు:
మంచి టాపిక్ బ్రదర్. కానీ ఒక మాట ఓపెన్‌గా అడుగుతా, ఏమీ అనుకోవద్దు. బర్మా సరిహద్దులో కొహిమా, ఇంఫాల్ యుద్ధాల్లో జనం చచ్చిపోతుంటే డ్రమ్స్ వాయించడాన్ని మిలిటరీ సర్వీస్ అనొచ్చా? మాది మిలిటరీ మాధవరం దగ్గర ఊరు, ఆ పేరు తాడేపల్లిగూడెం వైపు తెలియనోళ్లు ఉండరు, ఇంటికొకరు ఆర్మీకి వెళ్లిన ఊరది. మా పెదతాతయ్య కూడా బర్మా ఫ్రంట్ నుంచి తిరిగొచ్చినాయనే. హాలీవుడ్ హీరో జేమ్స్ స్టీవర్ట్‌ని చూడండి, ఆస్కార్ తీసుకున్న నెలకే 1941 మార్చిలో మామూలు సిపాయిగా చేరాడు, తర్వాత బాంబర్ విమానం నడుపుతూ జర్మన్ల మీద యుద్ధంలో 20 మిషన్లు వెళ్లాడు, కల్నల్ అయ్యాడు. అది సర్వీస్ అంటే. ఈయన్ని ఆ లిస్టులో పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు.

మాజీ_ఎయిర్‌మన్:
గోదావరి గారూ, మీ పెదతాతగారికి నా నమస్కారం. నేను మన ఎయిర్‌ఫోర్స్‌లో గ్రౌండ్ ట్రేడ్‌లో చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నాకు బాగా తగిలింది, కొంచెం వివరంగా చెప్తా.

బర్మా ఫ్రంట్‌లో మనుషుల్ని పడగొట్టింది తూటాలకన్నా జబ్బులు. బర్మాలో బ్రిటిష్ 14వ ఆర్మీని నడిపిన జనరల్ స్లిమ్ తన జ్ఞాపకాల్లో రాసిన లెక్క ప్రకారం 1943లో గాయపడి వెనక్కి పంపిన ఒక్కొక్క మనిషికి, జబ్బుపడి వెనక్కి వచ్చినవాళ్లు 120 మంది. మలేరియా, విరేచనాలు, చర్మం కుళ్లిపోయే పుళ్లు. దానికి తోడు వాన, బురద, నెలల తరబడి అదే డ్యూటీ, ఇంటి నుంచి ఉత్తరం ఎప్పుడొస్తుందో తెలీదు. పేపర్లన్నీ యూరప్ యుద్ధం గురించే రాసేవి, అందుకే 14వ ఆర్మీ వాళ్లు తమని తాము 'మర్చిపోయిన సైన్యం' అని పిలుచుకున్నారు. అలాంటి చోటికి ఎవరో ఒకళ్లు పని కట్టుకుని వచ్చి ఒక సాయంత్రం నవ్వించి వెళ్తే అది ఎంత పనో క్యాంపులో ఉన్నవాడికి తెలుస్తుంది. ఇంగ్లిష్ గాయని వేరా లిన్ 1944లో బర్మాలో అరకాన్ దాకా వచ్చి పాడింది, ఆ ఎండలో, ఆ తేమలో. ఆమెకి 1985లో బర్మా స్టార్ మెడల్ ఇచ్చారు, ఊరికే ఇవ్వలేదు కదా.

ఇంకోటి. ఎయిర్‌ఫోర్స్ అంటే పైలట్ ఒక్కడే కాదు సార్. ఒక్క విమానం లేవాలంటే కింద ఎంతమంది చెయ్యి పడాలో నేను సర్వీసంతా చూశా. కింద ఉన్నోళ్ల డ్యూటీ సర్వీస్ కాదంటే నా సర్వీస్ కూడా సర్వీస్ కాదనే అర్థం.

గోదావరి_గట్టు:
సార్, మిమ్మల్ని ఉద్దేశించి కాదు. ఆ 120 లెక్క మాత్రం నేను వినలేదు, ఆలోచించాల్సిందే. అయినా ఎదురుగా తూటా వస్తుంటే నిలబడ్డవాడికీ, వెనక క్యాంపులో స్టేజి ఎక్కినవాడికీ మధ్య తేడా ఉండాలి కదా, ఆ మాట మీద నేను ఉంటా.

పాతసినిమా_పిచ్చి:
తేడా ఉంది గోదావరి గారూ, ఎవరూ కాదనరు, సెల్లర్స్ కూడా తాను యుద్ధం చేశానని ఎక్కడా డప్పు కొట్టుకోలేదు. ఆయన ర్యాంకు కూడా అట్టడుగు ఎయిర్‌క్రాఫ్ట్‌మనే.

గాంగ్ షో అంటే ఏంటో చెప్తా, దాని మూలం స్కౌట్స్. రాల్ఫ్ రీడర్ 1932లో లండన్‌లో స్కౌట్ కుర్రాళ్లతో పాటలు, స్కిట్లు, డాన్సులు కలిపి మొదలుపెట్టాడు. యుద్ధం వచ్చాక అదే పద్ధతి ఎయిర్‌ఫోర్స్‌లోకి తెచ్చి చిన్న చిన్న బృందాలు చేసి పంపించాడు. దాదాపు అందరూ సర్వీసులో ఉన్న మగవాళ్లే. ఆడవేషాలు కూడా వాళ్లే కట్టాలి, స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి విన్న మనకి అదేం కొత్త కాదు. బృందం చిన్నది కాబట్టి ఒక్కొక్కడు నాలుగైదు పనులు చేయాలి, సెల్లర్స్ డ్రమ్స్ వాయించి, దిగొచ్చి స్కిట్‌లో వేషం కట్టి, మళ్లీ మిమిక్రీ చేసేవాడు. ఆఫీసర్ల మాట, నడక అనుకరించడం అక్కడే బాగా పట్టుబడింది. మేకప్ సామానులోంచి మీసం తీసి అంటించుకుని, ఆఫీసర్ డ్రెస్ వేసుకుని ఏకంగా ఆఫీసర్స్ మెస్‌లోకే వెళ్లేవాణ్ణని తర్వాత ఆయనే చెప్పుకునేవాడు. దొరికితే కోర్ట్‌మార్షల్.

ఆ బృందాల్లోంచి వచ్చినవాళ్లని చూస్తే మతిపోతుంది. టోనీ హాంకాక్, డిక్ ఎమరీ, గ్రాహం స్టార్క్, డేవిడ్ లాడ్జ్. లాడ్జ్, స్టార్క్ ఇద్దరూ సెల్లర్స్‌కి చివరిదాకా స్నేహితులు, ఆయన సినిమాల్లో వాళ్లు పదేపదే కనిపిస్తారు. యుద్ధం తర్వాత ఇరవై ముప్పై ఏళ్ల బ్రిటిష్ కామెడీకి సగం మంది ఆ క్యాంపుల నుంచి వచ్చినవాళ్లే అనిపిస్తుంది నాకు.

బందరు_లడ్డు:
సూపర్ థ్రెడ్, ఫాలో అవుతున్నా. సెల్లర్స్‌వి ఏ సినిమాతో మొదలుపెట్టాలో కూడా చెప్పండి ఎవరైనా.

లండన్_బెజవాడోడు:
ఇక్కడ పాతతరం ఇంగ్లిష్ వాళ్లతో మాట్లాడితే సినిమాలకన్నా ముందు సెల్లర్స్ చేసిన రేడియో కామెడీ గూన్ షో గురించి చెప్తారు. 1951 మే 28న బీబీసీలో మొదలై 1960 దాకా నడిచింది. అందులో ముఖ్యులంతా యుద్ధం నుంచి వచ్చినవాళ్లే. స్పైక్ మిల్లిగన్ పుట్టిందే మన అహ్మద్‌నగర్‌లో, 1918లో, నాన్న బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ. ఇటలీలో ఫిరంగి దళంలో ఉండగా గాయపడ్డాడు, మనసు కూడా దెబ్బతింది, ఆ తర్వాత సైనికుల కోసం బ్యాండుతో షోలు వేశాడు. హ్యారీ సీకోంబ్ కూడా ఫిరంగి దళమే, ఉత్తర ఆఫ్రికా, ఇటలీ. మైకేల్ బెంటీన్ ఎయిర్‌ఫోర్స్ ఇంటెలిజెన్స్.

ఇప్పుడు అసలు విషయం. ఆ షోలో సెల్లర్స్ చేసిన గొంతుల్లో ఒకటి మేజర్ బ్లడ్‌నాక్. ఇండియాలో పనిచేసిన ఆర్మీ ఆఫీసర్, పిరికివాడు, డబ్బు కోసం ఏ గడ్డైనా కరుస్తాడు, పొద్దస్తమానం గొప్పలు. 1951 అంటే మనకి స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లే, వాళ్ల దేశంలో అప్పటికి సామ్రాజ్యం గురించి గర్వంగా మాట్లాడేవాళ్లే ఎక్కువ, అలాంటప్పుడు వీళ్లు రేడియోలో ఆ ఆఫీసర్ల డాబుని దేశం మొత్తం వినేలా ఎండగట్టారు. సెల్లర్స్ ఆ గొంతులు ఎక్కడ విన్నాడు? మన దేశంలో, యూనిఫాంలో ఉండగా, వాళ్లకి సెల్యూట్ కొడుతూ విన్నాడు. అందుకే నాకు ఆయన మీద గౌరవం.

ఓరుగల్లు_స్వరం:
నేను మిమిక్రీ నేర్చుకుంటున్న, నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరోణ్ణి, గందుకే ఈ థ్రెడ్ల ఆగిన. సెల్లర్స్ పద్ధతి గురించి నేను చదివింది ఏందంటే ఆయన ఏ పాత్రకైనా ముందు గొంతు పట్టుకునేటోడు, గొంతు దొరికినంక నడక, ఆ తర్వాతనే మొకం, బట్టలు. ఇది మాకు బాగ అర్థమైతది. వేణుమాధవ్ గారు సుత ఒక మనిషిని చేస్తుంటే ఉత్త మాట ఒక్కటే కాదు, ఆ మనిషి ఊపిరి తీసుకునే తీరు సుత దింపేటోరు, పెద్దోళ్లు అదే చెప్పిన్రు మాకు.

సెల్లర్స్ బీబీసీల పడ్డ ముచ్చట సుత గొంతుదే. యుద్ధం నుంచి వచ్చినంక పని దొరకలే. 1948ల బీబీసీ ప్రొడ్యూసర్ రాయ్ స్పీర్‌కు ఫోన్ చేసి, అప్పట్ల రేడియోల పెద్ద స్టార్ కెన్నెత్ హార్న్ గొంతుతోని మాట్లాడి, సెల్లర్స్ అని ఒక పిలగాడున్నడు మస్తుగ చేస్తడు, చూడుండ్రి అని తనను తనే రికమెండ్ చేసుకున్నడు. ఆఖరికి నేనే అని చెప్పిండు, ఆయన తిట్టి మరీ ఛాన్స్ ఇచ్చిండు. ఆఫీసర్ వేషంల మెస్సులకు వోయిన ధైర్యమే ఇది. స్టేజి ముంగట కూసున్న జనం ఉంటే కళాకారునికి సగం బలం వస్తది, గని ఒక్కడే ఫోన్ల మాట్లాడి నమ్మించుడు అసొంటిది కాదు, ఆ విద్య ఎవ్వరికి పడితే వాళ్లకు రాదు.

సీతాఫల్‌మండి_అక్క:
అందరూ పొగుడుతున్నారు, నేను వేరే మాట చెప్తా. మొహానికి రంగు పూసుకుని మన యాస పట్టి నవ్వించిన మనిషి ఈయన. 'ద మిలియనెయిరెస్'లో 1960లో డాక్టర్ అహ్మద్ ఎల్ కబీర్, 1968లో బక్షీ. నా తమ్ముడు అమెరికాలో చదువుకునేటప్పుడు క్లాసులో పిల్లలు ఆ యాసతోనే వాడి వెంటపడేవాళ్లు, వాడు నోరు తెరిచి ప్రశ్న అడగడమే మానేశాడు. యుద్ధంలో మన దేశం వచ్చి మన మనుషుల్ని చూశాడు కదా, మరి చూసినవాడికి తెలియాలి కదా మనం ఆ యాస ఒక్కటే కాదని? ఆ షోలు కూడా ఇంగ్లిష్‌లో, ఇంగ్లిష్ వాళ్ల కోసం. మన సిపాయిలు ఆ యుద్ధంలో 25 లక్షల మంది చేరారు, వాళ్లకి అర్థమయ్యే భాషలో నవ్వించాలని ఈ గాంగ్ షోలకి పట్టిందా? ఇవన్నీ వదిలేసి ఇండియాని ప్రేమించాడు అంటే నేను ఒప్పుకోను.

పాతసినిమా_పిచ్చి:
అక్కా, మీ తమ్ముడి విషయం చదివి బాధేసింది. నేను ప్రేమించాడు అనలేదు, ఇక్కడ తయారయ్యాడు అన్నాను. కానీ మీ పాయింట్ పక్కన పెట్టేది కాదు. ఒక్క సంగతి మాత్రం గమనించండి, 'ద పార్టీ' మొదటి సీన్‌లో బక్షీ వేసేది సైనికుడి వేషమే. కొండమీద బ్యూగిల్ ఊదుతూ కాల్పుల్లో పడిపోవాల్సిన సిపాయి, ఎన్ని తూటాలు తగిలినా చావకుండా ఊదుతూనే ఉంటాడు, డైరెక్టర్ జుట్టు పీక్కుంటాడు. హాలీవుడ్ తీసే సామ్రాజ్యం సినిమాల్లో ఇండియన్ సిపాయి పని చచ్చిపోవడమే, ఈయన చావనంటాడు. సినిమా మొత్తంలో మర్యాద ఉన్న మనిషి కూడా బక్షీ ఒక్కడే, పార్టీలో మిగతావాళ్లంతా డబ్బు మదం. నేను ఆ సినిమాని అలా చూస్తా.

సీతాఫల్‌మండి_అక్క:
పాత్ర మంచిదే, నేనూ చూశా. మంచి పాత్రైతే ఒక ఇండియన్ యాక్టర్‌కి ఇవ్వొచ్చు కదా. నా ప్రశ్న అక్కడే ఉంది.

బందరు_లడ్డు:
అక్క చెప్పింది కరెక్టే, కానీ అదే 1968లో హిందీవాళ్లు 'పడోసన్'లో మెహమూద్‌తో మద్రాసీ సంగీతం మాస్టారి వేషం వేయించారు, ఇప్పటికీ ఉత్తరాదిలో దక్షిణాదివాడంటే ఆ బొట్టూ ఆ పిలకా ఆ యాసే చాలామందికి. మన తెలుగు సినిమాల్లో మార్వాడీ సేట్ భాష, అరవం యాస ఎన్నిసార్లు వాడుకున్నాం, శ్రీకాకుళం యాస పెట్టి పనిమనిషి పాత్రలు, తెలంగాణ యాస పెట్టి రౌడీలు. సెల్లర్స్‌ని అడిగే ప్రశ్న వీళ్లందర్నీ కూడా అడగాలి.

ఓరుగల్లు_స్వరం:
ఈ మాట మాకు ఎంత తగిలిందో మీకు ఎరుకనా. చిన్నప్పటి సంది మా భాష తెర మీద రౌడీ నోట్లకెళ్లే వినవడ్డది. అక్క అడిగింది నూటికి నూరుపాళ్లు నిజం. మిమిక్రీ చేసేటోడు సుత ఎవల గొంతు తీసుకుంటున్నమో వాళ్లు ముంగట కూసున్నా నవ్వేటట్టు ఉండాలె అని మా గురువుగారు చెప్తరు.

లండన్_బెజవాడోడు:
దీనికి ఇక్కడి మనవాళ్లు ఇచ్చిన జవాబు చెప్పాలి. 'మిలియనెయిరెస్' టైంలో సెల్లర్స్, సోఫియా లోరెన్ కలిసి పాడిన గుడ్‌నెస్ గ్రేషియస్ మీ పాట బ్రిటన్ చార్టుల్లో నాలుగో స్థానం దాకా వెళ్లింది, రికార్డు చేసింది తర్వాత బీటిల్స్‌కి పనిచేసిన జార్జ్ మార్టిన్. 1990ల్లో సంజీవ్ భాస్కర్, మీరా సయాల్ వాళ్లు ఆ పాట పేరునే తమ కామెడీ షోకి పెట్టుకున్నారు, 1996లో రేడియోలో, 1998లో టీవీలో. అందులో వీళ్లు ఇంగ్లిష్ వాళ్లని అనుకరించి చూపించారు. నాకు తెలిసి దానికన్నా గట్టి సమాధానం లేదు.

ఇంకోటి, 1967-68లో సత్యజిత్ రాయ్ 'ద ఏలియన్' అని బెంగాల్ పల్లెలో దిగే గ్రహాంతరవాసి కథ రాసుకున్నాడు, కొలంబియా కంపెనీ ముందుకొచ్చింది, అందులో మార్వాడీ వ్యాపారి పాత్ర సెల్లర్స్ వేయాలి. రాయ్ హాలీవుడ్ వెళ్లి కలిశాడు కూడా. తర్వాత సెల్లర్స్ తప్పుకున్నాడు, సినిమా ఆగిపోయింది. అది తీసుంటే రాయ్ చేతిలో ఆయన ఎలా ఉండేవాడో, ఆ నష్టం మాత్రం నన్ను వదలదు.

విశాఖ_అలలు:
బర్మా ఫ్రంట్ అంటున్నారు కాబట్టి మా వైపు సంగతి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి, ఊరు ఊరంతా ఖాళీ చేసి పారిపోయారని మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. అదే ఏడాది రంగూన్ పడిపోయాక అక్కడ మిల్లుల్లో, రేవులో పనిచేసే మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల జనం అడవుల్లోంచి నడుచుకుంటూ వచ్చారు, దారిలో ఎంతమంది పోయారో. సెల్లర్స్ లాంటి వాళ్లు బర్మా వెళ్లేసరికి అక్కడి మన తెలుగు వీధులు చాలావరకు ఖాళీ అయిపోయాయి. సినిమా యాక్టర్ల యుద్ధకాలం గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ జనం కూడా మనకి గుర్తుండాలి.

'బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' చూసి అందరూ ఇంగ్లిష్ ఖైదీల గురించే మాట్లాడతారు. ఆ సినిమాలో ఇంగ్లిష్ ఖైదీలు వంతెన కట్టే బర్మా రైలు మార్గం వేయడానికి జపాన్ వాళ్లు మలయా రబ్బరు తోటల నుంచి తోలుకెళ్లిన కూలీల్లో తమిళులు, తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు, ఖైదీలకన్నా కూలీలే చాలా ఎక్కువమంది చచ్చిపోయారు. సినిమాలో వాళ్ల కథ లేదు.

మాజీ_ఎయిర్‌మన్:
విశాఖ గారూ, ఆ కూలీల మాట ఎత్తినందుకు ధన్యవాదాలు. ఆ సినిమాలో మేజర్ వార్డెన్ వేసిన జాక్ హాకిన్స్ కూడా ఈ థ్రెడ్‌కి చెందినవాడే. రాయల్ వెల్ష్ ఫ్యూసిలియర్స్‌లో ఆఫీసర్‌గా చేరి, ఇండియాకి పోస్టింగ్ వచ్చి, ఇక్కడా ఆగ్నేయాసియాలోనూ ఎన్సా షోలన్నీ నడిపే బాధ్యత తీసుకుని కల్నల్ అయ్యాడు. షోల కోసం వచ్చిన డోరీన్ లారెన్స్ అనే నటితో ఇక్కడే పరిచయమై 1947లో పెళ్లి చేసుకున్నాడు. 1945లో ఇంగ్లిష్ నటుడు జాన్ గీల్గుడ్ 'హామ్లెట్' నాటకం పట్టుకుని ఇండియా వచ్చింది కూడా ఈ ఎన్సా తరఫునే. హాకిన్స్‌కి తర్వాత గొంతు క్యాన్సర్ వచ్చి 1966లో స్వరపేటిక తీసేశారు, అయినా వేషాలు వేశాడు, గొంతు వేరేవాళ్లు ఇచ్చారు.

సెల్లర్స్ విషయానికొస్తే నాకు ముఖ్యమైన సినిమా 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్', 1964. మూడు వేషాల్లో ఒకటి రాయల్ ఎయిర్‌ఫోర్స్ గ్రూప్ కెప్టెన్ మాండ్రేక్. పిచ్చెక్కిన అమెరికన్ జనరల్ గదిలో ఇరుక్కుని, మర్యాద తప్పకుండా, భయం పైకి కనిపించనివ్వకుండా అణుయుద్ధం ఆపాలని చూసే ఆఫీసర్. జపాన్ వాళ్లకి ఖైదీగా చిక్కి రైలు పట్టాలు వేశానని ఒకచోట చెప్తాడు. ఆ నిలబడే తీరు, ఆ నొక్కి పలకడం, అలాంటి ఆఫీసర్లని నేను సర్వీసులో స్వయంగా చూశా, వెంట్రుకవాసి తేడా లేదు. ఎయిర్‌క్రాఫ్ట్‌మన్‌గా కింద నిలబడి పైవాళ్లని అంత శ్రద్ధగా చూడకపోతే ఆ మాండ్రేక్ రాడు. గోదావరి గారూ, మీరు ఆ ఒక్క పాత్ర చూసి చెప్పండి.

గోదావరి_గట్టు:
చూస్తాను సార్, ఈ వారమే. మన దగ్గర కూడా 1962 యుద్ధం తర్వాత సునీల్ దత్, నర్గీస్ బృందం కట్టి బోర్డర్‌లో జవాన్ల దగ్గరికి వెళ్లి షోలు వేశారు, మన సావిత్రి గారు లాల్ బహదూర్ శాస్త్రి గారి టైంలో ఒంటిమీద నగలు తీసి రక్షణ నిధికి ఇచ్చారు. వాళ్లని గౌరవించినప్పుడు ఈయన్ని ఎందుకు గౌరవించకూడదు అని మీ పోస్టులు చదివాక అనిపిస్తోంది. స్టీవర్ట్ స్థానం మాత్రం నా లెక్కలో వేరే.

పాతసినిమా_పిచ్చి:
అది న్యాయమే. లడ్డు గారూ, మీరు కూడా 'స్ట్రేంజ్‌లవ్'తోనే మొదలుపెట్టండి, తర్వాత 'ఐయామ్ ఆల్‌రైట్ జాక్', 1959, యూనియన్ లీడర్ ఫ్రెడ్ కైట్ వేషానికి బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా వచ్చింది. 'ద పార్టీ' ఆ తర్వాత చూడండి, అక్క అడిగిన ప్రశ్న మనసులో పెట్టుకుని చూడండి. విశాఖ గారూ, బర్మా నుంచి నడిచొచ్చిన మనవాళ్ల గురించి మీరు వేరే థ్రెడ్ మొదలుపెట్టాలి, మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినవన్నీ రాయండి, అది ఇందులో కలిపితే సరిపోదు.

విశాఖ_అలలు:
రాస్తా. మా అమ్మమ్మ చెల్లెలు ఇంకా ఉంది, అడిగి ఆదివారం పెడతా.